తొమ్మిదో నంబరు రుమాలు

మా ఫ్లోరెన్స్‌లో పైదేశంవాడెవడైనా వచ్చి "చవగ్గా, కడుపునిండా ఎక్కడ తినాలి?" అని అడిగితే, బుద్ధున్నవాడు నదికి అవతలి ఒడ్డు చూపించి తన దారిన తాను పోతాడు. అల్వారో మాత్రం నిజం చెప్పాడు. డెబ్బై నాలుగేళ్ళ బతుకులో ఆయన ఎందరినో ఏడిపించాడు, ఎన్నో కోతలు కోశాడు. వాటిలో దేనికీ శిక్ష పడలేదు. ఆ ఒక్క నిజానికే పడింది.

నా పేరు లోరియానా. సాన్ ఫ్రెడియానో పేటలో, లాపో వాళ్ళ పూటకూళ్ళ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా వడ్డిస్తున్నాను. మధ్యాహ్నం ఒక్కపూటే భోజనం. మూడు పొడుగు బల్లలు. ఎవరొచ్చినా పక్కవాడి మోచేతికి మోచెయ్యి తగిలేలా సర్దుకుని కూర్చోవాల్సిందే. అప్పట్లో వంటల పట్టీ అంటూ ఉండేది కాదు. పొయ్యి మీద ఏముందో నేనే నోటితో చెప్పేదాన్ని. చిక్కుడు గింజల సూపు, బోటి కూర, ఎప్పుడూ ఉండే ఉప్పులేని రొట్టె. పది యూరోలిస్తే గ్లాసు వైన్‌తో సహా కడుపు నిండేది. వడ్రంగులు, చెప్పులు కుట్టేవాళ్ళు, పక్క వీధి మాంసం కొట్టు వాస్కో, అందరూ ఇక్కడే.

గుమ్మం పక్కన గోడకు చెక్క గూళ్ళుంటాయి. రోజూ వచ్చేవాళ్ళ గుడ్డ రుమాళ్ళు వాటిలో ఉండేవి, గూటికొక నంబరు. శనివారం శనివారం నేనే ఉతికేదాన్ని. ఒకసారి గూడు దొరికిందంటే చచ్చేదాకా మనదే. ముందుగా చెప్పకుండా ఒకరోజు రాకపోతే మాత్రం మిగతావాళ్ళు ఆ రుమాలుకు ముడి వేసేవాళ్ళు. మనిషి పోయాడని దానర్థం. మర్నాడు ఆ మనిషి వచ్చి ముడి విప్పుకుంటుంటే అందరూ లేచి నిలబడి, మొహాలు వేలాడేసుకుని సంతాపం చెప్పేవాళ్ళు. మా పేటలో ప్రేమ ఇలాగే ఉంటుంది.

తొమ్మిదో గూడు అల్వారోది. పటాల చట్రాలకు బంగారు రేకు అద్దే పనివాడు. వేళ్ళు వణకడం మొదలయ్యాక పని మానేశాడు. పెళ్ళాం ఏనాడో వదిలిపోయింది. ఇంట్లో పొయ్యి వెలిగించేవాడు కాదు, రాత్రికి పాలల్లో రొట్టె ముక్కలు నానేసుకునేవాడు. వేడి తిండయినా, మనిషితో మాటయినా రోజు మొత్తం మీద ఆయనకు మా దగ్గర గడిపే ఆ గంటన్నరే. వంటగది గుమ్మం పక్క కుర్చీలో ముప్పయ్యొక్క ఏళ్ళు కూర్చున్నాడు.

పాపం అనుకోకండి. ముడులు వేయడంలో అందరికంటే ముందుండేది ఆయనే. వాస్కో కడుపులో రాళ్ళకు ఆపరేషన్ చేయించుకుని మంచం మీదుంటే, ముడేసిన రుమాలును ఆసుపత్రికే పంపించాడు, సమాధుల మీద పెట్టే చామంతిపూలతో సహా. వాస్కో కుట్లు నొప్పెట్టేలా నవ్వాడు. నవ్వాడు గానీ మరచిపోలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం అల్వారో భోజనానికి వస్తూ, వంతెన దగ్గరి హోటలు ముందు ఒక విదేశీ జంటను చూశాడు. అక్కడ వంటలన్నిటికీ రంగు బొమ్మలుంటాయి, వేలు పెట్టి చూపిస్తే తెస్తారు. మా ఊరివాళ్ళకు ఒక రోగముంది. ఎదుటివాడు ఎక్కడ మోసపోయినా మాకు పట్టదు, చెత్త తిండి తింటుంటే మాత్రం చూడలేం. అయినా మిగతావాళ్ళం పళ్ళు కొరుక్కుని పోతాం. అల్వారో ఆగాడు.

"బొమ్మలు చూసి తింటారటయ్యా! చంటిపిల్లలా మీరు? పదండి, పదండి!"

వాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా చెయ్యి పట్టి లాక్కొచ్చి తన కుర్చీకి అటూ ఇటూ కూర్చోబెట్టుకున్నాడు. ఆ అమ్మాయి రొట్టె కొరికి మొహం చిట్లించింది.

"ఉప్పు లేదని అలా చూడకమ్మా. ఉప్పు కూరలో ఉంది. రొట్టె నోరు మూసుకుని కూరను మాట్లాడనిస్తుంది. మా ఊళ్ళో మర్యాద తెలిసింది రొట్టె ఒక్కదానికే!"

అందరం నవ్వాం. రుమాలు మెడకు దోపుకుని, గ్లాసు పైకెత్తి, ఆయన పెళ్ళిపెద్దలా వెలిగిపోయాడు. ఆ అమ్మాయి ఫోటో తీసింది. దాన్ని ఎక్కడ పెట్టిందో, కింద ఏం రాసిందో మాకు తెలియదు. మూడు వారాలు తిరక్కుండా మా గుమ్మం నుంచి వీధి మలుపు దాకా జనం బారు తీరారు. అందరి ఫోన్లలోనూ అల్వారో మొహమే.

మొదట్లో ఆయన మురిసిపోయాడు. బారు వెంబడే నడుస్తూ దండం అందుకునే దేవుడిలా తల ఊపేవాడు. జులైకల్లా ఆ మురిపెం వదిలింది. లాపో నాలుగు భాషల్లో పట్టీ అచ్చేయించాడు, రేటు రెట్టింపు చేశాడు, అరగంటకు మించి ఎవరూ కూర్చోకూడదన్నాడు. చివరికి రొట్టెలో ఉప్పు వేయించాడు. వడ్రంగులు, చెప్పులు కుట్టేవాళ్ళు ఒక్కొక్కరే తమ రుమాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఎవరూ లాపోను తిట్టలేదు. లాపో వ్యాపారం వాడు చేసుకున్నాడు. తిట్లన్నీ అల్వారోకే.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాణ్ణి చూశాం గానీ, తిన్న పళ్ళేన్ని ఊరికి పంచిపెట్టినవాణ్ణి నిన్నే చూస్తున్నాం" అన్నాడు వాస్కో. తన రుమాలు తీసుకుని, పక్కనున్న తొమ్మిదో నంబరును నీళ్ళ జగ్గులో ముంచి, పిండి, బలమంతా పెట్టి ముడేశాడు. "బతికుంటే విప్పుకో."

అల్వారో నవ్వబోయాడు. పంతం కొద్దీ విప్పబోయాడు. ఒకప్పుడు ఊపిరి తగిలితే చిరిగిపోయే బంగారు రేకును పట్టిన వేళ్ళు, తడి ముడి మీద గజగజలాడాయి. పళ్ళతో లాగాడు. చుట్టూ ఉన్న విదేశీయులు ఇదేదో మా ఆచారమనుకుని ఫోటోలు తీశారు. నా చేతుల్లో నాలుగు పళ్ళేలున్నాయి. ఖాళీగా ఉంటే మాత్రం విప్పేదాన్నా? రోజూ మొహం చూడాల్సిన పేటవాళ్ళతో తగాదా నాకిష్టం లేదు. విప్పేదాన్ని కాదు.

అక్టోబరులో లాపో నన్ను వంటగదిలోకి పిలిచాడు.

"ఆ ముసలాయనకు రేపట్నుంచి చోటు లేదని చెప్పవే. ఆయన కూర్చునే సేపట్లో ముగ్గురు తిని లేస్తున్నారు."

"నువ్వే చెప్పొచ్చుగా. మీ అమ్మ శవపేటిక మోసిన మనిషి."

"అందుకే నేను చెప్పలేను. నువ్వు చెప్పు."

చెప్పాను. మర్నాడు ఒంటిగంటకు ఇస్త్రీ చొక్కాతో వచ్చి బారులో నిలబడ్డాడు. ముందువాళ్ళు, వెనకవాళ్ళు ఆయన్ను గుర్తుపట్టి భుజాల మీద చేతులేసి ఫోటోలు దిగారు. దిగినవాళ్ళందరినీ నేను లోపల కూర్చోబెట్టాను. ఆయన్ను గుమ్మంలోనే ఆపాను.

"చోటు లేదు, అల్వారో."

"కనబడుతూనే ఉందిగా, వంటగది గుమ్మం పక్కది ఖాళీ."

"అది నీకు లేదు."

ఆయన నా మొహంలోకి చూడలేదు. గూళ్ళవైపు చూశాడు. "సరేనే. నా రుమాలిచ్చెయ్, పోతాను."

రుమాలు అప్పటికే గోడమీద పటం కట్టి అద్దం వెనకుంది, విప్పని ముడితో సహా, పక్కన ఆయన ఫోటోతో. పటానికి చవక రకం చట్రం, అదీ బంగారు రంగు పూసింది. ఆయన కళ్ళు రుమాలు కంటే ముందు ఆ చట్రం మీద పడ్డాయి. "ఇంత దరిద్రపు పనా!" అన్నాడు, అంతే. లాపో వెనకనుంచి ఒక కాగితపు రుమాలు అందించాడు. అల్వారో దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ నెలాఖరున కూరగాయలు కొనుక్కుని వంతెన మీదుగా వస్తూ ఆయన్ను చూశాను. బొమ్మల హోటల్లో, కిటికీ అద్దం పక్కన ఒక్కడే కూర్చున్నాడు. మెడకు కాగితపు రుమాలు దోపుకున్నాడు. వెయిటరు ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఆయన వణికే వేలు ఒక బొమ్మ మీద పెట్టాడు. తలెత్తి నన్ను చూసి, పట్టీని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నాకు సిగ్గేసింది. అయినా ఇంటికి పోయే దారిలో వాస్కో కొట్టు తగిలితే నోరు ఊరుకోలేదు. చెప్పేశాను.

మర్నాడు వాస్కో పాతవాళ్ళందరినీ వెంటేసుకుని వెళ్ళాడు. ఆ హోటలు కిటికీ ముందు వరసగా నిలబడి, టోపీలు తీసి, మొహాలు వేలాడేసి సంతాపం చెప్పారు. ఒకడు చామంతిపూలు కూడా పట్టుకెళ్ళాడట. అల్వారో ఫోర్కు కింద పెట్టి, మెడనుంచి కాగితం లాగేసి, సగం పళ్ళెం వదిలేసి లేచాడు. ఆ తర్వాత మా పేటలో బయట ఎక్కడా తినగా ఎవరూ చూడలేదు. కిటికీలో దీపం వెలుగుతుంది కాబట్టి బతికే ఉన్నాడు.

ఇప్పటికీ రోజూ ఎవరో ఒకరు పటం చూపించి ఈ పెద్దాయన ఎవరు, ఆ ముడి ఏమిటి అని అడుగుతారు. ఏం చెప్పాలో లాపో నేర్పాడు. ముప్పయ్యొక్క ఏళ్ళు ఇక్కడే తిన్నాడని, మనిషి పోతే మేమలా ముడి వేస్తామని చెబుతాను. వాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. ఆయన పేరు మీద ఇంకో గ్లాసు వైన్ తెమ్మంటారు. తెచ్చి పోస్తాను.