కొళాయి కాదు, నల్లా

తెనాలి నుంచి వచ్చి నాంపల్లిలో స్థిరపడిన వర్ధనమ్మ వారపత్రికలకు కథలు రాసేది. వాళ్ల గల్లీవాళ్లు నీళ్లకోసం గన్‌ఫౌండ్రీ దాకా నడవాల్సి వచ్చేది. 1963 వేసవిలో ఆమె ఆడవాళ్లందరినీ కూడగట్టి, నీళ్ల ఆఫీసుకు ఊరేగింపుగా వెళ్దామంది. అట్టమీద "మా వీధికి కొళాయి కావలెను" అని రాసి చదివి వినిపించింది.

పూలమ్మే మణెమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది.

"కొళాయి ఏంది వర్ధనమ్మా? కోడి లెక్క పెంచుకునేదా?"

అందరూ పకపకా నవ్వారు.

"నీళ్లొచ్చేదండీ."

"గట్ల చెప్పు. నల్లా! గది రాస్తెనే నేనొస్త. ఏం అడుగుతున్నమో మాకే తెల్వకపాయె."

మణెమ్మ రాకపోతే ఎవరూ రారు. వర్ధనమ్మ అట్ట తిరగేసి "మా గల్లీకి నల్లా కావాలె" అని రాసింది. ఖాళీ బిందెలు వాయించుకుంటూ అబిడ్స్ మీదుగా నడిచారు. బస్సుల్లో వాళ్లు కూడా "నల్లా కావాలె" అని అరిచారు.

వానలు పడకముందే గల్లీలోకి నల్లా వచ్చింది.

అప్పటినుంచి వర్ధనమ్మ ఏ కథ రాసినా పత్రికకు పంపేముందు నల్లా దగ్గర చదివేది. బిందె నిండినవాళ్లు కదిలేవారు కాదు. వరుసలో వెనకవాళ్లు "జరుగున్రి" అని కసిరి, వెంటనే "జర గట్టిగ సదువమ్మా, ఈడికి ఇనొస్తలేదు" అనేవారు.