ముక్కల కుప్ప ముందు కూర్చునే మనిషి

మా నాపరాళ్ల గనిలో మేస్త్రిగా పనిచేసిన పెద్దాయన మొన్న శనివారం పోయాడు. ఆ కబురు నాకు తెచ్చింది బండ్లాయన. అంటే, గనిలో తీసిన బండలను ఎద్దులబండి మీద రైలుస్టేషనుకు తోలే మనిషి. "మేస్త్రి పోయినాడప్పా. పొద్దున లేపబోతే లేయలేదంట" అని చెప్పి, తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. నాకు ఏడుపు రావాలి కదా! రాలేదు. నా తప్పు తెలిసిన ఒక్క మనిషీ పోయాడు, ఇక నేను నోరు విప్పితే తప్ప ఈ బండ్లాయనకు ఎన్నటికీ తెలియదు అన్న ఆలోచనే ముందు వచ్చింది. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. ఆ సంగతి దాచిపెట్టి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాస్తే అది దొంగ రాత అవుతుంది. అందుకే అంతా చెప్పేస్తాను.

మాది కోయిలకుంట్ల వైపు. వాన పడితే సేద్యం, పడకపోతే గని. ఎనిమిదో తరగతి దాకా చదివినా నాకు కూడు పెట్టింది నా భుజమే. గుంతలో తీసిన బండను ఎత్తుకుని, పైన బండ్లు నిలిపే చోటికి చేర్చడం నా పని. పుట్టుకతోనే నేను పిరికివాణ్ణి. పొద్దున గనికి పోయేటప్పుడు దారిలో రెండుసార్లు ఆగేవాణ్ణి, మేస్త్రి అప్పటికే ముక్కల కుప్ప ముందు కూర్చుని ఉంటాడని.

ఏ మేస్త్రి అయినా ముందు మంచి బండలు చూసుకుంటాడు. ఈయన మాత్రం నోట్లో వేపపుల్ల పెట్టుకుని నేరుగా పగిలిన ముక్కల దగ్గరికి పోయి గొంతుక్కూర్చునేవాడు. ఒక్కో ముక్కా తీసి, విరిగిన అంచు మీద బొటనవేలు రాసి, పక్కన పెట్టేవాడు. "ఇది పొర చూడకుండా ఉలి పెట్టినాది. ఇది పైబరువుకు ఇరిగినాది. ఇది మోతలో జారినాది." అంతే. ఎవరు పగలగొట్టారని అడిగేవాడు కాదు. కొత్తగా చేరినవాడొకడు ఉండబట్టలేక, "ఎవరో కనుక్కోవా మామా?" అన్నాడు.

"ఎవరంటే అందరూ నోరు మూసుకుంటారప్పా. యాడంటే తెరుస్తారు" అన్నాడు ఆయన.

పగిలిన రాళ్ల మీదే కాదు ఆయన కన్ను. నీళ్లకుండ గనికి ఆ చివరన ఉండేది. దప్పికైనప్పుడల్లా అంత దూరం పోయి రావడం చూసి, ఒకనాడు తనే కుండను మోసుకొచ్చి మా మధ్యలో పెట్టాడు. బండ్లు ఎండలో ఊరికే నిలబడి ఉంటే ఆయనకు ప్రాణం విలవిల్లాడేది. "చెడిపోయిన రాయి అందరికీ కనపడతాది. చెడిపోయిన పొద్దు ఎవురికి కనపడతాది?" అనేవాడు. ఒక ముసలి చెక్కుడు పనివాడు బండను రెండువైపులా నున్నగా చేస్తుంటే పక్కన నిలబడి కాసేపు చూశాడు. "ఏమన్నా, కింద చీమలు గూడా నున్నగా నడవల్లనా?" అన్నాడు. ఆ రోజంతా మేము నవ్వుతూనే ఉన్నాం. ఆ ముసలాయన మాత్రం వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆయన ఎప్పుడూ చెప్పే మాట ఇంకొకటి ఉంది. "అడిగినోడు లేకుండా కోసిన బండ సగం పగిలినట్లే." ఆ మాట తప్పింది ఆయనే. కర్నూలు రాజధాని అయిన కొత్తలో, కొత్త కట్టడాలకు బండలు కావాలన్న మాట ఊరూరా పాకింది. ఎవరూ ఇన్ని కావాలని ఇంకా అడగలేదు. అయినా మా యజమాని ఆగలేదు. "ముందే కోసి పెట్టండి, అడిగిన దినమే పంపల్ల" అని వెంటపడ్డాడు. మేస్త్రి నాలుగు రోజులు వద్దన్నాడు. అయిదో రోజు తల ఊపాడు. కోసిన బండలు పెట్టడానికి చోటు లేక, గుంతలోంచి పైకి వచ్చే దారికి అటూ ఇటూ పేర్పించాడు. దారి సన్నబడింది. పై మలుపులో ఒళ్లు పక్కకు తిప్పితే గానీ మనిషి పట్టడు. అక్కడ నేల మీద రాతిపొడి.

మొదటి బండ ఆ మలుపులోనే జారింది. మరునాడు ఇంకొకటి. రెండు రోజులకు మూడోది. అప్పటికే యజమాని, బండ పగలగొట్టినవాడు ఇంటికి పోవడమేనని అందరి ముందూ చెప్పాడు. ఇంట్లో నా భార్యకు తొమ్మిదో నెల. చేలు బీళ్లుగా ఉన్నాయి. గని పని పోతే ఎక్కడికి పోవాలి? ముక్కలు కుప్పలో వేస్తే మేస్త్రి వేలు పెట్టి చూస్తాడు, మోతలో పగిలిందంటాడు, మోసేవాళ్లం నలుగురమే. నేను మూడుసార్లూ ఆ ముక్కలను పాడుబడిన పాత గుంతలో, కంపచెట్ల కింద దాచాను. ముక్క కనపడకపోతే తప్పు లేనట్టే అనుకున్నాను. ఎంత తెలివి నాది!

గుంతలో తీసినవి ఎన్నో మేస్త్రి సున్నంతో గోడ మీద గీతలు గీసేవాడు. రైలుస్టేషనుకు చేరినవి, గనిలో మిగిలినవి కలిపినా మూడు తగ్గాయి. కుప్పలో ముక్కలూ లేవు. మరి ఏమైనట్టు? యజమాని నేరుగా బండ్లాయన మీద పడ్డాడు. "దారిలో అమ్ముకున్నావు. సంతనాటికి తేలకపోతే నీ బండి ఈడికి రానక్కరలేదు" అన్నాడు. బండ్లాయన ఎద్దు వీపు మీద చెయ్యి వేసి, "దీని మీద ఆన సామీ, నాకు తెల్దు" అన్నాడు. నేను ఆయన ముఖం చూశాను. చూసి, తల వంచుకున్నాను.

సంతకు ఇంకా మూడు రోజులుంది. "ఏమైనాదబ్బా, ముద్ద చేతిలోనే పెట్టుకోనుండావు?" అని నా భార్య అడిగితే ఎండ అన్నాను. చెబితే నా ఇల్లు, చెప్పకపోతే ఆయన ఇల్లు. ఈ లెక్కే తిరుగుతుండేది తలలో.

సంత ముందురోజు మధ్యాహ్నం, అందరూ సంగటి తింటుండగా, మేస్త్రి గుంతలోకి దిగాడు. రెండడుగుల బండ ఒకటి భుజానికెత్తుకున్నాడు. అరవై దాటిన మనిషి! నేను లేచి వెనకాలే పోయాను. "మామా, నాకియ్యి" అంటే వినిపించుకోలేదు. ఒక్కో అడుగూ చూసుకుంటూ, నేను రోజూ నడిచే దారినే ఎక్కుతున్నాడు. మలుపు దగ్గరికి వచ్చి, ఒళ్లు పక్కకు తిప్పి, సరిగ్గా ఆ చోటే కాలు ఎత్తాడు.

"మామా, ఆడ పెట్టొద్దు! ఆడనే జారతాది!" అని అరిచాను.

ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు. బండను మెల్లగా దించి, దానికే ఆనుకుని నిలబడి, ఊపిరి తీసుకున్నాడు. నేను ఆ సరికే ఏడుస్తున్నాను. "యాడ పెట్టినావప్పా ముక్కలు?" అని మాత్రం అడిగాడు.

ఇద్దరం కలిసి కంపల కింద నుంచి తీశాం. ఆయన చేతులు గీరుకుపోయాయి. సాయంత్రం ఆ ముక్కలను యజమాని ముందు పరిచి, "దొంగతనం కాదు సామీ. ఆ మలుపులో పగిలినాయి" అన్నాడు. పేరు చెప్పమని యజమాని గద్దించాడు. "పేరే కావల్లంటే నాది రాసుకోండి. దారిలో బండలు పేర్పించినోన్ని నేనే కదా" అన్నాడు. ఆ వారమే ఆయన్ను మేస్త్రి పని నుంచి దించి, ఉలి చేతికిచ్చి కూర్చోబెట్టారు. నా పని పోలేదు, బండ్లాయన బండీ ఆగలేదు. నా కొడుకు పుట్టాడు. వాడి ముఖం చూసినప్పుడల్లా ఆ పెద్దాయన గీరుకుపోయిన చేతులు కళ్ల ముందుకొచ్చేవి.

ఒకసారి కాళ్లు పట్టుకున్నంత పని చేసి, "బండ్లాయనకు నువ్వే చెప్పు మామా, నాకు నోరు రాదు" అన్నాను. "అది నీ మోత. నేను మోస్తే నీ భుజం ఎట్ల తేలికైతాది?" అన్నాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఉలి పట్టాక కూడా, ఎవరూ అడగకపోయినా, పొద్దున్నే పోయి ముక్కల కుప్ప ముందు కూర్చునేవాడు. నేనూ పక్కన కూర్చోవడం నేర్చుకున్నాను. భయం మాత్రం పోలేదు. బండ్లాయన నన్ను "ఏమప్పా" అని పలకరిస్తే చాలు, ఎవరో చెప్పేశారేమోనని ఉలిక్కిపడేవాణ్ణి.

శనివారం మధ్యాహ్నం పాడె లేచింది. ముందర బండ్లాయన, అదే కొయ్యకు వెనక నేను. బక్క మనిషే, అయినా భుజం నొక్కుకుపోతోంది. ఊరు దాటి వంక వాగులోకి దిగే చోట ఇక నావల్ల కాలేదు. "అన్నా" అన్నాను. "ఆ మూడు బండలు పగలగొట్టినోన్ని నేనే. దాచినోన్ని కూడా నేనే. నిన్ను దొంగ అంటాంటే నోరు మూసుకోని నిలబడినోన్ని నేనే."

బండ్లాయన వెనక్కి తిరగలేదు. నాలుగడుగులు వేశాడు. మెడ నరాలు బిగుసుకోవడం నాకు కనపడింది. తర్వాత నడక తగ్గించి, అరికాలితో కింది గులకరాళ్లను పక్కకు నెట్టాడు.

"కాలు చూసి పెట్టప్పా" అన్నాడు. "ఈడ జారతాది."