గోడాదరాలో కంప్యూటర్ పాలి

లాక్‌డౌన్ తర్వాత 2020 చివర్లో మగ్గాలు మళ్లీ తిరగడం మొదలయ్యాక, సూరత్ గోడాదరాలోని నా కంప్యూటర్ రిపేరు కొట్టుకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం ఇక్కడ మగ్గాలు నడిపే మన తెలుగువాళ్లు పాత కంప్యూటర్లు కొన్నారు. ఎస్‌ఎంపీఎస్, అంటే లోపల కరెంటు పంచే డబ్బా, కాలిపోతే మార్చి ఇస్తాను. కానీ చాలామందికి మెషీన్ బాగానే ఉంటుంది, వాడటమే రాదు. నాకసలే ఓపిక తక్కువ. "ఐతారం అందరు రాండ్రి, ఒగలకొగలు చెప్పుకోండ్రి, నా పానం తీయకుండ్రి" అన్నాను. ఆదివారాలు కొట్టులో కూడే మా యూజర్ గ్రూప్ అలా పుట్టింది.

పుట్టించడం సులువే, నిలబెట్టడానికే తల ప్రాణం తోకకొచ్చింది. నేనుంటే వస్తారు, నేను చెబితే తలూపి వెళ్తారు. ఒకరికొకరు చెప్పుకోవడం ఉట్టి మాటైంది. మెల్లగా జనం పలచబడ్డారు. మానకుండా వచ్చింది రాజేశం అన్న ఒక్కడే.

సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఏళ్ల తరబడి పవర్‌లూమ్ నడిపిన మనిషి. ఆయనకు కరోనా వచ్చి తగ్గింది గాని ఊపిరితిత్తులను వదల్లేదు.

"మగ్గం కాడ దుమ్ముకు ఊపిరాడుతలేదు చెల్లె. చీరెల గోదాంల కూసుండి చేసే పని ఉన్నదట. సేఠ్ ఎక్సెల్ రావాలె అంటుండు. జర నేర్పు."

ఎక్సెల్ అంటే గళ్లలో సరుకు వివరాలు ఎక్కించే షీటు. "అది కీబోర్డన్నా, గంత గట్టిగ గుద్దితె ఎట్ల!" అని గద్దించేదాన్ని. నవ్వేవాడు. ఆ పని దొరక్కపోతే ఇల్లు గడవదని ఇద్దరికీ తెలుసు.

తర్వాతి వేసవిలో నాకే కరోనా వచ్చింది. కొట్టు మూతపడింది. అటు గోదామూ మూతపడింది, తెరవగానే పరీక్ష పెడతానన్నాడు సేఠ్. మా ఆయన్ని పంపి, కొట్టులోని పాత మెషీన్ ఒకటి రాజేశం అన్న గదికి చేర్పించాను. నేర్పే దిక్కేది? గ్రూపూ పోయింది, ఆయన పనీ పోయింది అని మంచంలో కుమిలిపోయాను.

కోలుకోగానే వాళ్ల గదికి వెళ్లాను. కంప్యూటర్ వరండాలో ఉంది. ముందు సదయ్య అనే మగ్గం మనిషి మాస్కు పెట్టుకుని కూర్చున్నాడు. రాజేశం అన్న దూరంగా నిలబడి, "రెండో వరుసల ఫార్ములా తప్పుతున్నది, సూసుకో" అంటున్నాడు.

"ఇదేం పద్ధతే అన్నా?"

"గుంపుగ కూసోవద్దంటిరి గద. పాలి పెట్టుకున్నం. ఒగనికి టైపింగ్ అస్తది, ఒగడు బిడ్డ క్లాసు చూసి ఫార్ములా నేర్సిండు. మగ్గం కాడ బదిలీ మనిషి రాకుంట కదుల్తమా? ఇదీ గంతే. అచ్చినోనికి చెప్పాలె, వాడు చేసి సూపియ్యాలె, గప్పుడే లేసుడు."

పాలి అంటే షిఫ్ట్. పాలి మారేటప్పుడు మగ్గం ఆపరు. దిగేవాడు ఏ దారం తెగుతోందో చెప్పి మరీ అప్పగిస్తాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే, నాకే తట్టలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

గోదాం తెరిచారు. సేఠ్ చీరల మూట ముందు పెట్టి లెక్క షీటులో ఎక్కించమన్నాడట. రాజేశం అన్న ఎక్కించాడు, పని దొరికింది. ఇక గ్రూపుకు రాడనుకున్నాను. ఆ ఆదివారమే, నేను మళ్లీ తెరిచిన కొట్టు మెట్లెక్కి ఆయాసపడుతూ కుర్చీలో కూలబడ్డాడు.

"పని దొరికె గదనే, ఇంట్ల పండుకోరాదు?"

"సదయ్య ఇంకా రాలే చెల్లె. అప్పజెప్పకుంట ఎట్ల పోత?"

గ్రూపంటే నేనే అనుకునేదాన్ని. ఒకరు లేచేలోపు ఇంకొకరు కూర్చుంటే చాలని రాజేశం అన్నే నేర్పాడు. ఇప్పుడు ఆదివారం నాకూ ఒక పాలి ఉంది, రాజేశం అన్న తర్వాత. నేను ఆలస్యం చేస్తే ఆయన ఎంత ఆయాసమొచ్చినా లేవడు. అందుకే ఎన్ని రిపేర్లున్నా పక్కన పడేసి ముందే వెళ్లి ఆయన కుర్చీ పక్కన నిలబడతాను.