శౌరమ్మ గారి అంతోని

మొన్న అమీర్‌పేట స్టేషన్‌లో మెట్రో మారుతుంటే పక్కన ఒక నర్సమ్మ వచ్చి నిలబడింది. డ్యూటీ దిగి ఇంటికి వెళ్తున్నట్టుంది. చేతుల నుంచి డెట్టాల్, జడ నుంచి కొబ్బరినూనె, రెండూ కలిసిన వాసన. రైలు వచ్చింది, జనం ఎక్కారు, తలుపులు మూసుకున్నాయి. నేను మాత్రం ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాను. అది శౌరమ్మ గారి వాసన. ఆవిడ పోయి చాలా కాలమైంది.

కంప్యూటర్ కోర్సు ఒకటి పూర్తిచేస్తే చాలు, ఉద్యోగం దానంతటదే వస్తుందని అందరూ నమ్మిన రోజుల్లో నేను తెనాలి దగ్గర పల్లె నుంచి హైదరాబాదు వచ్చాను. మైత్రీవనంలో క్లాసులు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో ఎక్కడా మంచం ఖాళీ లేక, తెలిసినవాళ్ళు చెబితే అమీర్‌పేట వెనక సందులో శౌరమ్మ గారింటి మేడ మీది గదిలో చేరాను. ఆవిడ పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో నర్సు. భర్త జోజయ్య గారు సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. వరంగల్లు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కథోలిక కుటుంబం. రోజూ సాయంత్రం ముందుగదిలో మరియమాత స్వరూపం ఎదుట చాప వేసుకుని ఇద్దరూ జపమాల చెప్పుకునేవారు. చివర్లో తమ ఇంట్లో చనిపోయినవాళ్ళను పేరు పేరునా తలుచుకునేవారు. తాతలు, మేనత్తలు, పురిట్లోనే పోయిన ఒక ఆడపిల్ల. మెట్ల మీద కూర్చుని చదువుకుంటూ వినీ వినీ నాకూ ఆ పేర్లు నోటికి వచ్చేశాయి.

వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు అంతోని మిలటరీలో సిపాయి. నేను చేరిన కొత్తలో సెలవు మీద వచ్చాడు. నేను అతన్ని చూసింది ఆ కొద్ది రోజులే. ఎండకీ మంచుకీ బుగ్గలు కమిలి, ముక్కు మీద పొట్టు లేచి ఉండేది. నన్ను మొదటి రోజు నుంచే అక్కా అన్నాడు.

“అక్కా, పొద్దంతా గా కంప్యూటర్ డబ్బా ముంగట కూసుంటే నడుము పట్టదా?”

“నువ్వు మంచులో రోజంతా నిలబడతావుగా. నీ కాళ్ళ సంగతేంటి?”

“గుంజుతయి. అమ్మకు చెప్పకు,” అని వంటింటి వైపు చూసి నవ్వాడు.

ఉన్నన్ని రోజులూ తల్లి చేత తలకు నూనె పెట్టించుకున్నాడు. తండ్రి స్కూటరు విప్పి, శుభ్రం చేసి, బిగించాడు. వెళ్ళేరోజు జోజయ్య గారే ఆ స్కూటరు మీద సికింద్రాబాదు స్టేషనుకు తీసుకువెళ్ళి దింపి వచ్చారు. వచ్చాక లోపలికి రాకుండా, దుమ్ము లేని బండిని చాలాసేపు తుడుస్తూ నిలబడ్డారు.

ఆ ఎండాకాలమే కార్గిల్ కొండల మీద యుద్ధం మొదలైంది. జోజయ్య గారు టీవీ ముందు నుంచి లేచేవారు కాదు. శౌరమ్మ గారు టీవీ వైపు చూసేవారు కాదు. డ్యూటీకి వెళ్ళడం, రావడం, వండడం, జపమాల. ఒక ఉదయం నేను క్లాసుకు బయలుదేరి గేటు తీస్తుంటే యూనిఫారం వేసుకున్న ఇద్దరు సందులో అడ్రసు వెతుక్కుంటూ వచ్చారు. జోజయ్య గారిల్లు ఇదేనా అని హిందీలో అడిగారు. చేత్తో చూపించాను. శౌరమ్మ గారు అప్పుడే స్నానం చేసి వరండాలో తల దువ్వుకుంటున్నారు. వాళ్ళు టోపీలు తీసి చేత పట్టుకోవడం చూశారు. ఆసుపత్రిలో అన్నేళ్ళు చేసిన మనిషి, ఆవిడకు అంతకన్నా చెప్పవలసింది లేదు. “కూసోండ్రి సార్, నీళ్ళు తెస్త,” అని లేవబోయి, లేవలేక, గోడకు జారగిలబడి కింద కూర్చుండిపోయారు.

జెండా కప్పిన పెట్టెలో అంతోని ఇంటికి వచ్చాడు. సందు నిండా జనం, కెమెరాలు, పూలదండలు. ఎవరెవరో నినాదాలు ఇచ్చారు. పెట్టె తెరిచి చూడకపోవడమే మంచిదని వెంట వచ్చిన ఆఫీసరు మెల్లగా అన్నాడు. శౌరమ్మ గారు తల ఊపారు. “ముఖం వద్దు సార్. కాళ్ళు చూపియ్యుండ్రి,” అన్నారు. ఆయన జనాన్ని బయటికి పంపించి తలుపు వేయించాడు. మడమలు పగిలి, గోళ్ళు నల్లబడిన ఆ కాళ్ళను ఆవిడ రెండు చేతులతో పట్టుకున్నారు. నన్ను గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డ తెమ్మన్నారు. ఎందరో రోగులకు సేవ చేసిన చేతులు. తొందర లేకుండా వేలి సందులన్నీ తుడిచారు. పొడి గుడ్డతో అద్దారు. “ఎంత సల్లగున్నయో సూడు,” అని నాతో అన్నారు. జోజయ్య గారిని రమ్మని పిలిచారు. ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డారు గానీ రాలేదు.

ఫాదరు గారు పూజ చేశారు, సైనికులు తుపాకులు పేల్చారు, సమాధుల తోటలో అంతోనిని పడుకోబెట్టారు. తర్వాత పలకరించడానికి వచ్చినవాళ్ళు ‘ఆ సంగతి’, ‘మీ బాబు విషయం’ అనేవారు తప్ప ఎవరూ పేరు ఎత్తేవారు కాదు. యూనిఫారంలో ఉన్న ఫొటోను జోజయ్య గారు బీరువాలో పెట్టేశారు. సాయంత్రం జపమాల చివర, పాత పేర్లన్నీ అయ్యాక, శౌరమ్మ గారు “అంతోని” అనగానే ఆయన లేచి బయటికి వెళ్ళిపోయేవారు. చాలా రోజులు అలాగే సాగింది. ఒకనాడు ఆవిడ ఆయన వెనకే వరండాలోకి వచ్చారు.

“మా నాయిన పేరు పెడదామంటే వద్దన్నవు. అంతోని అనే పిలుస్తనని పట్టుబట్టింది నువ్వే. ఇప్పుడు పిలువకుంటె ఎట్ల?”

“పిలిస్తె పలుకడు గద, శౌరమ్మా.”

“పలుకకున్నా పిలువాలె. నేను పిలుస్తలేనా?”

ఆవిడ లోపలికి పోబోతూ, మెట్ల మీద ఏడుస్తున్న నన్ను చూశారు. వచ్చి పక్కన కూర్చున్నారు. హైదరాబాదులో ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పాను. నాకొక తమ్ముడుండేవాడు. చిన్నప్పుడే కాలవలో పడి పోయాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాడి ఊసు ఎవరూ ఎత్తలేదు. అమ్మ తట్టుకోలేదని నాన్న, నాన్న తట్టుకోలేడని అమ్మ, ఇద్దరూ తట్టుకోలేరని నేను.

“పేరేంది బిడ్డా?”

ఎన్నో ఏళ్ళుగా పలకని పేరు. వెంటనే రాలేదు. ఆవిడ తొందరపెట్టలేదు.

“రవి,” అన్నాను.

“మా ప్రార్థనల తలుచుకుంటె మీ అమ్మ ఏమన్న అనుకుంటదా?”

అనుకోదన్నాను. మర్నాటి సాయంత్రం అంతోని తర్వాత రవి పేరు కూడా ఆ ముందుగదిలో వినిపించింది. నేను చదువుతున్న పుస్తకం మూసేశాను.

మృతుల పండుగనాడు వాళ్ళతో పాటు నేనూ సమాధుల తోటకు వెళ్ళాను. ప్రతి సమాధి మీదా పూలు, కొవ్వొత్తులు. పక్క సమాధికి వచ్చిన ముసలాయన మా వైపు చూసి, “ఎవరు భాయ్, పోయింది?” అని అడిగాడు. శౌరమ్మ గారు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, భర్త వైపు చూశారు. జోజయ్య గారు వంగి, గాలికి ఆరిపోతున్న కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెట్టారు.

“మా కొడుకు,” అన్నారు. కొంచెం ఆగి, “అంతోని. మిలట్రీల ఉండె. చిన్నగున్నప్పుడు సైకిల్ నేర్పితె బేగంపేట దిక్కు పోయి తప్పిపోయిండు. బస్సు ఆపి, మంది అందరిని కూసోబెట్టి, వాన్ని దేవులాడిన. దొరికినంక ఏమన్నడు తెలుసా? నాన్నా, నేను తప్పిపోలే, నువ్వే తప్పిపోయినవు అన్నడు.” ముసలాయన నవ్వాడు. జోజయ్య గారు కూడా నవ్వారు. ఆ నవ్వులోంచే ఏడుపు వచ్చింది. శౌరమ్మ గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఆయన ఏడుపు ఆపే ప్రయత్నమేమీ చేయకుండా నిలబడ్డారు.

ఆ తర్వాత సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు, భోజనాల దగ్గర అమ్మ కాకరకాయ కూర వడ్డిస్తుంటే, ధైర్యం చేసి అన్నాను. “రవి అయితే ఇది ముట్టేవాడు కాదు.” అమ్మ చేతిలో గరిటె ఆగింది. నాన్న కంచంలోకి చూస్తూ ఉండిపోయారు. గరిటె గిన్నెలో పెట్టి అమ్మ అంది, “బెల్లం వేస్తే తినేవాడే. నాకు తెలియకుండా నువ్వే వేసేదానివి.” ఆ మధ్యాహ్నం కంచాల్లో చేతులు ఎండిపోయేదాకా మేం ముగ్గురం వాడి కబుర్లే చెప్పుకున్నాం.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఆఫీసు హైటెక్ సిటీకి మారింది. జోజయ్య గారు పోయారు, కొన్నేళ్ళకు శౌరమ్మ గారూ పోయారు. నిరుడు మా టీములో ఒకతని కూతురు జబ్బు చేసి చనిపోయింది. అతను మళ్ళీ డ్యూటీలో చేరిన రోజు అందరూ తల దించుకుని స్క్రీన్లు చూసుకుంటున్నారు. అంతకన్నా ఏం చేయాలో వాళ్ళకు తెలియదు, పాపం. నేను వెళ్ళి అతని పక్కన కూర్చుని, “పాప పేరేంటి?” అని అడిగాను. అతను చాలాసేపు నా ముఖం వైపు చూశాడు. నేను తొందరపెట్టలేదు. చివరికి ఆ పేరు చెప్పి, ల్యాప్‌టాప్ మూసి, నా వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.