అర గోలుకు అర కారు

ఫుట్‌బాల్‌లో అర గోలు ఎవరూ కొట్టలేరు కాబట్టి, దాన్ని దానం చేస్తే నాకు పోయేదేమీ లేదనుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో మా స్నేహితుడి ఇంటికి వెళ్లినప్పటి సంగతి ఇది. అక్కడే పుట్టి పెరిగి, ఉద్యోగం చేస్తున్న వాళ్లమ్మాయి మాయ, టీవీలో మ్యాచ్ మొదలయ్యే ముందు పందెం కట్టింది. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల కారు కడగాలి. నాకక్కడ కారే లేదన్న సంగతి తట్టనేలేదు.

"అంకుల్, మీ టీమ్ చాలా స్ట్రాంగ్. సో, నా టీమ్‌కి ఒకటిన్నర గోల్స్ ముందే ఇవ్వాలి. దాన్నే హ్యాండిక్యాప్ అంటారు."

"తీసుకోమ్మా, దానికేం!" అన్నాను జమీందారులా.

మా టీమ్ ఒకటి-సున్నాతో గెలిచింది. సోఫా మీంచి ఎగిరి గంతేశాను.

"కూర్చోండి అంకుల్. మీకు ఒకటి, నాకు ఒకటిన్నర. మీరు ఓడిపోయారు."

"మీవాళ్లు ఒక్క గోలూ కొట్టలేదుగా?"

"అక్కర్లేదు. మీవాళ్లే రెండు ఎక్కువ కొట్టాలి."

"మరి ఆ అర ఎందుకు?"

"టై అవ్వకుండా. ఈ గేమ్‌లో గోల్సే తక్కువ కదా!"

మా ఊళ్లో గెలిచినవాణ్ణి భుజాలకెత్తుకుంటారు. ఇక్కడ చేతికి బకెట్ ఇచ్చారు.

మర్నాడు పొద్దున్నే డ్రైవర్ వైపు సగం కారును తళతళలాడేలా కడిగాను. రెండో వైపు దుమ్ము మీద చెయ్యైనా వెయ్యలేదు.

"అంకుల్! ఇదేంటి, హాఫే చేశారు? నేను ఆఫీస్‌కి వెళ్లాలి!"

"గెలిచి ఓడినవాడు కడిగితే, కడిగినా కడగనట్టే ఉంటుందమ్మా."