మే నెలలో హీటర్

కారుకు ఒంట్లో ఎలా ఉందో పొద్దున్నే చూసుకునే మనుషులు ఆ రోజుల్లో ఉండేవారు. మా మేనమామ అలాంటివాడే. రాంగోపాల్‌పేట్‌లో ఇంటి ముందు నిలిపి ఉంచే పాత తెల్ల కారు ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి లోపలి కూలెంట్ నీళ్ళు చూసి, పైపులు నొక్కి చూసి, ఆ తరువాతే చాయ్ తాగేవాడు. (అత్త ఆరోగ్యం గురించి అంత శ్రద్ధగా అడగడం నేనెప్పుడూ వినలేదు.) పిల్లలు లేని ఆ ఇద్దరికీ నేనే కొడుకుని. పెళ్ళికి నన్ను తన కారులోనే తీసుకుపోవాలన్నది మామకున్న ఒకే ఒక్క కోరిక. మా అక్క మొగుడు, అంటే మా బావ, తన కొత్త ఏసీ కారు పెడతానన్నాడు. మామ వెంటనే పోయి రేడియేటర్ కడిగించి, కొత్త కూలెంట్ పోయించుకొచ్చాడు.

పెళ్ళి అల్వాల్‌లో, మే నెల మిట్టమధ్యాహ్నం. షేర్వానీ, తలపాగా, బుగ్గన దిష్టిచుక్కతో నేను ముందు సీట్లో, అత్త వెనక సీట్లో. బావ కారు మా వెనకాలే వస్తోంది. సగం దారిలోనే వేడి చూపించే ముల్లు పైకి లేవడం మొదలుపెట్టింది. మామ ముఖం చూస్తే దగ్గరి బంధువుకు జ్వరమొచ్చినట్టుంది. హీటర్ పూర్తిగా తిప్పాడు. ఇంజిన్ వేడిని కొంత లోపలికి లాగేస్తే అది తేరుకుంటుందట. నిజమే, కాకపోతే లాగిన వేడంతా నా షేర్వానీలోకి వచ్చింది.

తిరుమలగిరి దాటాక ఇక లాభం లేదని పక్కకు ఆపి, బండి ముందుకు వెళ్ళి అలాగే నిలబడిపోయాడు. అత్త ముందురోజంతా కూర్చుని అల్లిన బంతిపూల దండలు రేడియేటర్ ముందున్న జాలీని సందు లేకుండా కప్పేశాయి. గాలి పోయే దారే లేదు. మామ పూలను చూశాడు, అత్తను చూశాడు. పెళ్ళి బండి పూలు తెంపడానికి ఆయనకు చేతులు రాలేదు. అత్తే దిగివచ్చి ఒక్కొక్క దండా విప్పి కొంగులో వేసుకుంది.

ఈలోగా బావ తన కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఈ బండిని నమ్ముకుంటే ముహూర్తం దాటిపోతుందన్నాడు. మామ నా వైపు చూడకుండానే అన్నాడు:

"పో బిడ్డా, గా బండిల కూసో. నేను ఎనక మెల్లగ వస్తా."

ఆ గొంతు విని నాకు దుఃఖం వచ్చింది.

"హీటర్ బంద్ చెయ్యకు మామా. పోదాం పా," అన్నాను.

గాలి తగిలాక ముల్లు మెల్లగా దిగింది. నేను మాత్రం దారి పొడుగునా ఉడుకుతూనే ఉన్నాను. ముహూర్తానికి కాస్త ముందే మండపం చేరాం. చుక్క గడ్డం దాకా కారి, కళ్ళు ఎర్రబడి దిగిన నన్ను చూసి, పిల్లగాడికి ఈ పెళ్ళి ఇష్టం లేనట్టుందని ఆడపెళ్ళివాళ్ళు గుసగుసలాడారట. (మా ఆవిడ ఇప్పటికీ ఆరా తీస్తూ ఉంటుంది.) మామ మాత్రం తలుపు తెరిచి పట్టుకుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఒకటే మాట చెప్పాడు: "మా బండిలనే వచ్చిండు."

మామ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నేను ఏసీతో లోపలంతా చల్లబడందే కారు కదిలించను. పెళ్ళి ఫోటోలో చెమటతో ముద్దయిన ఆ కుర్రవాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. ఈ రోజు బావ అలా తలుపు తీసి పట్టుకుంటే నేను ఏ కారెక్కుతానో నాకే నమ్మకం లేదు.