కోట తలుపు అవతలి మనిషి

ఆఫీసు పనిమీద ఆరు నెలలు అమెరికాలో ఉన్నప్పుడు, అక్కడ ఒక పాత పుస్తకాల షాపులో లావుపాటి పుస్తకమొకటి, దాంతోపాటు గుడ్డసంచీలో కొన్ని పాచికలు కొన్నాను. ఒక పాచికకి ఇరవై ముఖాలుండేవి. అది కథ చెప్పుకునే ఆట. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, ‘నేనైతే ఇక్కడ ఇలా చేస్తాను’ అంటారు. అనుకున్న పని కష్టమైతే, అయిందో లేదో పాచిక చెబుతుంది.

తొంభైల చివర మాదాపూర్‌లో ఆదివారం వస్తే ఏమీ తోచేది కాదు. కొత్తగా లేచిన ఆఫీసులు, వాటి చుట్టూ రాళ్ళగుట్టలు, ఉండుండి బండలు పేల్చే చప్పుడు. నాతో పనిచేసే గుంటూరు మిత్రుడు, అతని భార్య ఒక మేడమీద వాటాలో అద్దెకుండేవారు. ఆదివారం పొద్దున ఆమె పెసరట్లు వేసేది. తిన్నాక చాప పరుచుకుని ఆటకు కూర్చునేవాళ్ళం. మా నాలుగో మనిషి మాదాపూర్ పాత ఊరివాడే. ఆఫీసులో కంప్యూటర్లు, కేబుళ్ళు చూసుకునేవాడు. నన్ను అన్నా అనీ, మిత్రుణ్ణి సార్ అనీ, ఆమెను వదినా అనీ పిలిచేవాడు. మా ముగ్గురికంటే బాగా ఆడేవాడు. పాత్రలోకి వెళ్ళాడంటే గొంతే మారిపోయేది.

కథ నడిపేది నేను. ఒక ఆదివారం కొత్త కథ మొదలుపెట్టాను. ఒక కోట. చుట్టుపక్కల ఊళ్ళలో దగ్గు జబ్బు పాకింది. దగ్గేవాళ్ళెవరినీ లోపలికి రానివ్వొద్దని రాజు ఆజ్ఞ. మా ముగ్గురు ఆటగాళ్ళూ కోట తలుపు కాపలాదార్లు. చీకటి పడకముందే చంకలో మూటతో ఒక ఆడమనిషి వచ్చి తలుపు తట్టింది. ఆమెలా నేను దగ్గి చూపించాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నట్టు చెయ్యి పెట్టుకుని, లోపలినుంచి తెగిపోతున్నట్టు దగ్గాను. బాగా చేశానని నాకే అనిపించింది.

“తీసేది లేదు,” అన్నాడు మిత్రుడు. భార్య కూడా అదే మాటంది.

“తెరుద్దాం,” అన్నాడు మా నాలుగో మనిషి.

ఇద్దరికి ఒక్కడు. తనొక్కడే గడియ లాగుతానన్నాడు. పాచిక వేస్తే ఇరవైకి మూడే పడింది. తలుపు కదల్లేదని చెప్పాను.

తర్వాతి ఆదివారం పెసరట్టు తుంచకముందే అడిగాడు. “ఆమె ఉన్నదా అన్నా?”

“ఎవరు?”

“తలుపు కాడ ఆమె.”

అప్పుడైనా నాకు అర్థం కావలసింది. కథలో అంతగా లీనమైపోయాడని మురిసిపోయాను. గోడకి ఆనుకుని కూర్చునుందన్నాను. ఆట మొదలవగానే తాడు కట్టి ఆమెకు నీళ్ళచెంబు దించుతానన్నాడు. మిత్రుడి పాత్ర ఆ తాడు కోసేసింది.

“కథని ముందుకు పోనియ్యవయ్యా బాబూ,” అన్నాడు మిత్రుడు విసుగ్గా. “పొద్దున్నుంచీ ఈ తలుపు దగ్గరే ఉన్నాం.”

“ఒక్క మనిషి కోసం లోపలున్న పిల్లలందర్నీ చంపుకుంటామా?” అంది భార్య.

“ఆమె గూడ ఒకరి బిడ్డ కాదా వదినా? మీ అక్కనే అయితే గిట్లనే అంటరా?”

ఆమె మొహం ఎర్రబడింది. “అంటే నాకు జాలి లేదనా? మా ఇంట్లో కూర్చుని నన్నంత మాటంటావా?”

“ఆటను ఆటలా చూడు,” అన్నాడు మిత్రుడు గొంతు పెంచి.

“మీకు ఆటనే సార్. నాకు గట్ల అనిపిస్తలేదు.”

ముగ్గురూ నావైపు చూశారు. గొడవ ఎలాగైనా ఆగాలి. ఆపే అధికారం ఆ చాపమీద నాకే ఉంది. ఆట పక్కన పెట్టి కాస్త టీ తాగుదాం అంటే సరిపోయేది. నేనేమో, “తెల్లవారేసరికి గోడ అవతల దగ్గు ఆగిపోయింది,” అన్నాను.

అతను లేచాడు. చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సోమవారం క్యాంటీన్‌లో అతన్ని పక్కకి పిలిచాను. “రెండు వారాలు గ్యాప్ తీసుకో. వాళ్ళు కాస్త ఇబ్బంది పడుతున్నారు,” అన్నాను. మెత్తగానే అన్నాను.

“సరే సార్,” అన్నాడు. అన్నా అని పిలిచేవాడు, ఆ రోజు నేనూ సార్‌నే అయ్యాను.

అతను లేకుండా ఆ కథ ముగించాం. ఎవరూ ఎవరితోనూ వాదించలేదు. ఎవరికీ సంతోషం కూడా కలగలేదు. నాలుగు వారాలు గడిచాక మిత్రుడి భార్యే, “నేనే తొందరపడ్డానన్నయ్యా. ఒకసారి వెళ్ళి పిలుచుకు రండి,” అంది.

అతనిల్లు పాత ఊళ్ళో, పెద్ద బండరాయి పక్కన. తల్లి “కూసో బిడ్డా,” అని కుర్చీ వేసి చాయ్ పెట్టింది. గోడకి దండ వేసిన ఫోటో. ఇరవై ఏళ్ళుంటాయేమో ఆ పిల్లకి. ఎవరమ్మా అని అడిగాను.

“నా పెద్దబిడ్డ. టీబీతోని పోయింది,” అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

అతను నన్ను పెరట్లోకి తీసుకెళ్ళాడు. మూలన రేకుల కొట్టం, ఇప్పుడు అందులో కట్టెలున్నాయి. దానివైపు చూస్తూ చెప్పాడు.

“దగ్గు పట్టుకున్నదని అక్కను అత్తగారోళ్ళు మా ఇంటికి తోలిచ్చిన్రు. చెల్లె పెండ్లి మాటలు నడుస్తున్నయ్. ఎవ్వరికి తెల్వొద్దని నాయిన ఈ కొట్టంల ఉంచిండు. నేను ఇంటర్ చదువుతున్న. పొద్దుమాపు గిన్నె లోపట పెట్టి వచ్చేటోన్ని. సుట్టాలొచ్చిన దినం నాయిన గొళ్ళెం పెట్టుమన్నడు. పెట్టిన. రోజంతా దగ్గింది. తమ్మీ, జర తియ్‌రా అన్నది. ఇనబడనట్టు చేసిన.”

జారిపోతున్న కట్టెనొకదాన్ని లోపలికి తోశాడు.

“దవాఖానకు తీస్కపోయేసరికే ఆలస్యమైంది. మందులకు తగ్గే రోగమేనట అన్నా అది,” అన్నాడు.

క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. చివరికి, “మళ్ళీ ఆ కథే మొదలుపెడదాం. ఈసారి తలుపు తీద్దాం. నేను చూసుకుంటాను,” అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. “వద్దు. మీరు నా కోసమని తెరిస్తే తెరిచినట్టు కాదు. ఆడ మీరు ఒప్పుకోకున్నా నేను తెరవాలె. నాతోని కాలేదు.”

ఆ సాయంత్రం మిత్రుడికీ అతని భార్యకీ అంతా చెప్పాను.

“ఆ మాటేదో ముందే చెబితే ఆపేసేవాళ్ళం కదా,” అన్నాడు మిత్రుడు.

“ఎలా చెబుతాడండీ? పెసరట్లు తింటూ చెప్పే మాటా అది?” అని ఆమె వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు.

తర్వాత ఆమే ఒక పద్ధతి పెట్టింది. ఆటలో ఎవరికైనా కష్టంగా ఉంటే చాపమీద అరచెయ్యి ఆనించాలి. కథ అక్కడితో ఆగిపోవాలి. ఎందుకని ఎవరూ అడగకూడదు. మంచి పద్ధతే. ముగ్గురం ఇంకో రెండు ఆదివారాలు కూర్చున్నాం. కథ చెబుతూ చెబుతూ నేనే చెయ్యి ఆనించాను. వాళ్ళు కారణం అడగలేదు. ఆ తర్వాత ఆడలేదు.

అతనూ నేనూ ఆఫీసులో మాట్లాడుకునేవాళ్ళం, కేబుళ్ళ గురించి, క్రికెట్ గురించి. కొన్ని నెలలకి సికింద్రాబాద్‌లో వేరే ఉద్యోగం చూసుకున్నాడు. అతని ఆఖరి రోజని చెబితే మిత్రుడి భార్య సున్నుండలు చేసి, సాయంత్రం స్టీలు డబ్బాతో ఆఫీసు గేటు దగ్గరికి వచ్చింది. నాలుగు మాటలు చెప్పాలనుకుని వచ్చింది, అది ఆమె నిలబడిన తీరులోనే తెలిసింది.

అతను మధ్యాహ్నమే వెళ్ళిపోయాడని చెప్పాను.

ఆమె డబ్బా మూత ఒకసారి నొక్కి చూసుకుని, దాన్ని పొట్టకి ఆనించి పట్టుకుని, బస్టాపు వైపు నడిచింది.